బడిపిల్లల బెంగ: మన సాహిత్యం విన్నదెంత?

సొంత రాష్ట్రం కాని చోట తెలుగు బడి అనగానే మనకు అలవాటైన కష్టాల చిట్టా ఒకటుంది. పాఠ్యపుస్తకాలు వేళకు రాలేదు. పదవీ విరమణ చేసిన తెలుగు పంతులు స్థానంలో మరొకరిని వేయలేదు. పిల్లలు చాలడం లేదని తరగతి ఎత్తేశారు. హోసూరు నుంచి బరంపురం దాకా, షోలాపురం నుంచి బళ్లారి దాకా ఏ సభకు వెళ్లినా ఈ మాటలే వింటాం. మన పత్రికల్లోనూ ఇవే చదువుతాం. ఇవన్నీ నిజాలే. వీటిని అడగడం మానకూడదు కూడా. అయితే ఈ చిట్టాలో ఎక్కడా కనిపించని విషయం ఒకటుంది. ఆ బడిలో ఆ బల్ల మీద కూర్చున్న పిల్లవాడి మనసు ఎలా ఉంది? వాడికి దిగులేస్తే ఎవరితో చెప్పుకుంటాడు? ఏ భాషలో చెప్పుకుంటాడు?

ఈ ప్రశ్న ఇప్పుడు వేయడానికి కారణం ఉంది. 2025 జూలై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి 15 మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు చేరిన ఒక విద్యార్థిని 2023లో చనిపోయిన కేసులో వచ్చిన తీర్పు అది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించుకోవాలనీ, అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో పద్ధతి ప్రకారం సంబంధం పెట్టుకోవాలనీ అందులో ఉంది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచీలుగా విడగొట్టవద్దన్నారు. తల్లిదండ్రులకూ అవగాహన కలిగించాలన్నారు.

అంటే బడిలో పిల్లల మనసు వినే మనిషి ఒకరుండాలని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. మంచిదే. ఆ మనిషి వచ్చి ఎదురుగా కూర్చుని 'ఏమైంది?' అని అడిగితే మన పిల్లలు ఏ మాటల్లో జవాబు చెబుతారు? ఇది సర్కారు ఒక్కటే తేల్చే విషయం కాదు. ఇది సాహిత్యానికి చెందిన ప్రశ్న. మనసులోని బాధకు మాటలు ఇచ్చే పని సాహిత్యానిది. ఆ పనిని తెలుగు సాహిత్యం బడిపిల్లల విషయంలో ఎంతవరకు చేసింది? రాష్ట్రం బయట ఉన్న మనం ఎంతవరకు చేశాం? ఈ వ్యాసంలో నేను చూడదలచుకున్నది అదే.

వెంకటేశం నుంచి రవి దాకా

ఆధునిక తెలుగు సాహిత్యంలో పరీక్ష తప్పిన మొదటి ప్రసిద్ధ విద్యార్థి 'కన్యాశుల్కం'లోని వెంకటేశం. ఆ నాటకాన్ని మొదట ఆడింది 1892లో. ఇప్పుడు మనం చదివే రూపం 1909 నాటిది. ఊరు వదిలి ఇంగ్లీషు చదువుకు వచ్చిన కుర్రవాడు, తప్పిన పరీక్ష, ఇంటికి వెళ్తే తండ్రి ఏమంటాడోనన్న జంకు, కొడుకును వెనకేసుకొచ్చే తల్లి, ఈ జంకును తన అవసరానికి వాడుకునే గురువు. ఇవాళ్టి ఇంటర్ విద్యార్థి ఇంట్లో జరిగేదంతా ఈ నాలుగు ముక్కల్లో ఉంది. గురజాడ గురి వేరే దురాచారం మీద ఉంది గనక వెంకటేశం భయం హాస్యంగా గడిచిపోయింది. ఆయన పని ఆయన చేశాడు. నూరేళ్లు దాటినా మనం ఆ భయాన్ని హాస్యంగానే చదువుతున్నాం, చిక్కు అక్కడ ఉంది. గిరీశం మాటకారితనం మీద రాసినవాళ్లకు లెక్క లేదు. వెంకటేశం జంకు మీద ఒక్క వ్యాసమూ నా కంటపడలేదు.

కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' నవల సుందరం అక్షరాభ్యాసంతో మొదలవుతుంది. చదువునే కథావస్తువు చేసుకున్న నవల అది. చదువుకూ బతుకుకూ పొత్తు కుదరకపోవడాన్ని ఆయన చూపినంత నిదానంగా, నిక్కచ్చిగా మరొకరు చూపలేదంటే అతిశయోక్తి కాదు. అయితే ఆయన చూపంతా కాలం మీద, సమాజం మీద ఉంది. సుందరం మనసు మనకు తెలుస్తుంది గాని, రచయిత చెప్పదలచుకున్న దానికి సాక్ష్యంగా తెలుస్తుంది. మద్రాసులో కూర్చుని దశాబ్దాలపాటు 'చందమామ'కు పనిచేసి, తరాల పిల్లలకు కథల తెలుగు అలవాటు చేసినవాడూ ఈయనే అని మనం, ముఖ్యంగా తమిళనాట ఉన్నవాళ్లం, గుర్తుపెట్టుకోవాలి.

1950ల్లో వచ్చిన ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు'లో పిల్లవాడు తన నోటితో తానే మాట్లాడాడు. ప్రైవేటు మేష్టర్లను ముప్పుతిప్పలు పెట్టే ఆ గడుగ్గాయి అంటే ఎవరికి ముద్దు రాదు? కాని బుడుగుకు ఒక భాగ్యం ఉంది. ఇల్లూ వీధీ వాడివే. వాడు బామ్మతో మాట్లాడే తెలుగే మేష్టరుతోనూ మాట్లాడతాడు. వాడి నోటికి అడ్డు లేదు. మన పిల్లవాడు బుడుగు కాడు. ఇంట్లో బుడుగులా వాగేవాడు బడి గడప దాటగానే నోరు కట్టేసుకుంటాడు. ఇంటికొచ్చి మళ్లీ వాగుతాడు. ఇంట్లో ఒక పిల్లవాడు, బడిలో ఇంకొక పిల్లవాడు. ఈ రెండో పిల్లవాడి గురించి తెలుగులో ఎవరు రాశారు?

మనస్తత్వ చిత్రణ మన నవలకు రానిది కాదు. 1940ల్లోనే గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' వచ్చాయి. 1950ల్లో రావిశాస్త్రి 'అల్పజీవి' వచ్చింది. ఆత్మన్యూనత, అపరాధభావం, తనను తాను తినేసుకునే ఆలోచన, వీటిని ఇంత లోతుగా తవ్విన భాషలు ఎన్ని ఉంటాయి? ఆ తవ్విందంతా పెద్దవాళ్ల మనసులనే. సీతారామారావు, దయానిధి, సుబ్బయ్య మన దగ్గరికి వచ్చేసరికే పెద్దవాళ్లు. వాళ్ల పసితనం గాయాలు వెనకచూపులోనే కనబడతాయి. 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య' ఒక్కటే విద్యార్థి మనసులో నేరుగా దిగింది. ఉస్మానియా క్యాంపస్‌లో రవి అనే పల్లెటూరి కుర్రవాడి పదహారు గంటల జీవితం అది. డబ్బు లేమి, సిగ్గు, పరీక్ష, కోరిక, భయం ఒకదానిమీద ఒకటి దొర్లుకుంటూ వస్తాయి. విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడే ప్రతి అధ్యాపకుడూ చదవవలసిన నవల అని నా అభిప్రాయం. అయినా రవి విశ్వవిద్యాలయం దాకా వచ్చినవాడు. బడిలోనే ఆగిపోయినవాడి మాటేమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఒకటుంది. మనుషులకు వచ్చే మానసిక రుగ్మతల్లో సగం 14 ఏళ్ల వయసు నాటికే మొదలవుతాయట. మన మనస్తత్వ నవల 18 దాటాక మొదలవుతుంది. అంటే సగం కథ జరిగిపోయాక మనం పుస్తకం తెరుస్తున్నామన్నమాట.

పిల్లల పక్షాన మాట్లాడినవాళ్లు లేకపోలేదు. చలం 'బిడ్డల శిక్షణ' రాసి, కొట్టి తిట్టి భయపెట్టి పెంచడాన్ని తల్లిదండ్రుల ముఖం మీదే తప్పు పట్టాడు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'చదువులా? చావులా?' అని పేరులోనే నిలదీశాడు. ర్యాంకుల పిచ్చి మీద ఆయన కోపం చిత్తూరు జిల్లా ఇంటి తెలుగులో వచ్చింది గనకనే సూటిగా తగిలింది. కాని ఈ రెండు పుస్తకాలూ పెద్దల్ని మందలించేవి. మందలింపు అవసరమే. పిల్లవాడి గొంతు వినిపించడం మరో పని.

ఆ పని ఎలా ఉంటుందో మనకు జపాను నుంచి వచ్చిన 'రైలుబడి' చూపించింది. తెత్సుకో కురొయానాగి తన చిన్ననాటి బడి గురించి రాసుకున్న పుస్తకానికి తెలుగు రూపం అది. మొదటి బడిలోంచి వెళ్లగొట్టిన పిల్లను కొత్త బడి హెడ్మాస్టరు కొబయాషి ఎదురుగా కూర్చోబెట్టుకుని నీ ఇష్టం వచ్చింది చెప్పమంటాడు. నాలుగు గంటలు వింటాడు. ఆవలించడు, గడియారం చూడడు. తనను ఒక బడి గెంటేసిందన్న సంగతి తల్లి ఆ పిల్లకు ఇరవై ఏళ్లు వచ్చేదాకా చెప్పలేదు. బడిలో మానసిక ఆరోగ్యం అనే పెద్ద మాటకు ఇంతకన్నా చిన్న నిర్వచనం నాకు తెలియదు: వినే హెడ్మాస్టరు, సిగ్గుపరచని ఇల్లు.

సరిహద్దు కథలో పిల్లవాడు

ఇక మన సంగతి. రాష్ట్రం బయట తెలుగు రచనలో బాల్యం లేదని ఎవరూ అనలేరు. స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్లకు పులికాటు దీవుల మీది తాతా అవ్వా, ఆ తిండ్లూ ఆటలూ, ఆ పలుకుబడీ మరుపుకు రావు. హోసూరు చుట్టుపక్కల నుంచి వచ్చిన కథల్లోనూ ఇదే బలం. పోగొట్టుకున్న మాటల్ని మూటగట్టి తెచ్చి మన ముందు విప్పిన రచనలు ఇవి. వీటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

అయితే ఈ కథల్లో పిల్లవాడు ఎక్కువగా రచయిత గతం. 'అప్పట్లో మేము' అనే పిల్లవాడు. అవ్వ ఒడి, చెరువుగట్టు, తిరణాల వాడి లోకం. ఇవాళ ఇంగ్లీషు మీడియం వ్యాను ఎక్కి, బడిలో ఒక భాష, ట్యూషన్‌లో ఒక భాష, ఇంట్లో సగం సగం తెలుగు మాట్లాడుతూ, ఫోను తెరలో మరో భాష చూసే పదమూడేళ్ల పిల్ల మన కథలోకి ఇంకా రాలేదు. మనం భాష కోసం ఏడ్చాం గాని ఆ భాష నోట్లోనే ఆగిపోయిన పిల్ల కోసం ఏడవలేదు. నా విమర్శ అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

బెంగ, దిగులు, రంది

మాటల సంగతి చూద్దాం. ఈ మధ్య బడుల కోసం వచ్చే తెలుగు కరపత్రాల్లో 'భావోద్వేగ శ్రేయస్సు', 'మానసిక సామాజిక మద్దతు', 'కుంగుబాటు లక్షణాలు' లాంటి పదాలు కనబడతాయి. ఇంగ్లీషు పక్కన పెట్టుకుని కూర్చిన తెలుగు ఇది. ఇంట్లో ఏ తల్లీ 'నా బిడ్డ భావోద్వేగ శ్రేయస్సు బాగాలేదు' అనదు. మరి ఏమంటుంది?

కోస్తా మూలాలున్న ఇంట్లో, బరంపురంలోనో యానాంలోనో, 'బెంగ పెట్టుకున్నాడు' అంటారు. బెంగ అంటే ఉత్త దుఃఖం కాదు. మనిషినో చోటునో విడిచి ఉండలేక ఒంటికి జబ్బు తెచ్చుకోవడం. జ్వరం రావచ్చు, అన్నం సయించకపోవచ్చు. మనసూ ఒళ్లూ ఒకటేనని ఒప్పుకున్న మాట అది. తెలంగాణ నుంచి తరాల కిందట మగ్గాలు వెదుక్కుంటూ వెళ్లిన షోలాపురం పద్మశాలీల ఇళ్లలో 'రంది పెట్టుకుండు' అంటారు, 'మనాది' అంటారు. మనోవ్యాధి జనం నోట్లో అరిగి మనాది అయింది. హోసూరు, కోలారు వైపు దిగులు, జడుపు. పిల్లవాడు రాత్రి ఉలిక్కిపడితే 'జడుసుకున్నాడు' అంటుంది అవ్వ. బెంగుళూరు తెలుగు పిల్లలు 'బేజారు' అంటారు. ఏదీ చేయబుద్ధి కాని స్థితికి అది సరైన మాటే.

బెంగ వేరు, దిగులు వేరు, జడుపు వేరు, రంది వేరు, బేజారు వేరు. ఒకటి ఎడబాటు నుంచి వచ్చేది, ఒకటి రాబోయేదాన్ని తలచుకుంటే వచ్చేది, ఒకటి జరిగిన దెబ్బ వల్ల వచ్చేది. వైద్యుడికి ఈ తేడాలు ఎంత పనికొస్తాయో చెప్పనక్కరలేదు. ఇవాళ మన పిల్లలు వీటన్నిటికీ కలిపి వాడే మాట ఒక్కటే: 'టెన్షన్'. ఐదు మాటలు పోయి ఒక మాట వచ్చింది. మాట పోతే బాధ పోదు. బాధను విడమరచి చెప్పుకునే దారి పోతుంది.

మన పెద్దలు 'ఆధివ్యాధులు' అని జంటపదం వాడేవారు. ఆధి మనసుది, వ్యాధి ఒంటిది. వ్యాధికి ఆస్పత్రి కట్టుకున్నాం. ఆధికి తాయెత్తు కట్టి ఊరుకున్నాం.

నేను పనిచేసిన ఒక బడిలో జరిగిన సంగతి చెబుతాను. ఐదో తరగతి వరకు తెలుగులో చదివిన పిల్ల ఆరులో వేరే మాధ్యమంలో చేరింది. అడిగినదానికి జవాబు చెప్పదు, నిలబడమంటే నిలబడుతుంది, అంతే. 'మొండిది' అని ఒక టీచరు, 'మందమతి' అని ఇంకో టీచరు తేల్చేశారు. ఒకనాడు అవ్వ వచ్చింది. 'అయ్యోరా, పిల్ల జడుసుకునింది. తెల్లారి లేస్తే కడుపునొప్పి అంటాది. ఆదివారం మాత్రం నొప్పి ఉండదు' అంది. వారంలో ఆరు రోజులుండి ఏడో రోజు మాయమయ్యే కడుపునొప్పి! పాఠం అర్థం కాక, అర్థం కాలేదని చెప్పే మాట రాక, చెబితే తక్కినవాళ్లు నవ్వుతారని బిగుసుకుపోయిన పిల్ల ఆమె. బడి భయం ఒంట్లోంచి బయటపడటం అనేది వైద్యులు బాగా ఎరిగిన విషయమే. ఆ అవ్వకు చదువు లేదు గాని, రోగాన్ని గుర్తుపట్టడానికి కావలసిన మాట ఉంది. ఆ మాటను బడిలో అర్థం చేసుకునే చెవి కావాలి. తెలుగు తెలిసిన ఒక సైన్సు టీచరు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మొదట తెలుగులో అడగడం, తర్వాత అదే జవాబును రెండో భాషలో చెప్పించడం మొదలుపెట్టారు. అర్ధ సంవత్సర పరీక్షల నాటికి కడుపునొప్పి తగ్గింది. అందరి కథా ఇంత తేలిగ్గా తీరదని నాకు తెలుసు. కాని మొదటి మెట్టు ఏ భాషలో ఉండాలో ఈ చిన్న సంగతి చెబుతుంది.

పక్కపక్కనే ఉన్న రెండు మాటలు

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం మనకు కంఠోపాఠం. 1956లో చేర్చిన ఆ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనూ, వీలైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలన్న మాట 'ఎఫ్' అంశంగా ఉంది. మన వినతిపత్రాల్లో దీన్ని ఉటంకించడం ఆనవాయితీ.

ఆ పేజీలోనే కింది అంశం, 'జి', ఎవరమైనా చదివామా? పిల్లలను భయం నుంచి, మనోఘాతం నుంచి, ఆందోళన నుంచి విముక్తుల్ని చేయాలని, తమ అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పుకునేలా చూడాలని అది చెబుతుంది. మాతృభాష, భయం లేని మనసు, ఈ రెండింటినీ చట్టం ఒకదాని కింద ఒకటిగా పెట్టింది. మనం మొదటిది చదివి పుస్తకం మూసేశాం. మానసిక ఆరోగ్య నిపుణులు రెండోది చదివి మొదటిదాన్ని దాటేస్తున్నారు. ఈ రెండూ ఒకే పిల్లవాడి గురించి అన్న సంగతి ఇరుపక్షాలకూ పట్టలేదు.

ఉదాహరణకు నేనుండే తమిళనాడునే తీసుకుందాం. 2006 నాటి చట్టం ప్రకారం తమిళం నిర్బంధ పాఠ్యాంశంగా 2006–07లో ఒకటో తరగతిలో మొదలై, ఏడాదికొక మెట్టు ఎక్కుతూ 2015–16లో పదో తరగతికి చేరింది. రాష్ట్ర భాష నేర్చుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు. ఉన్న ఊరి భాష రానివాడు ఉన్న ఊరిలో పరాయివాడు. కాని అల్పసంఖ్యాక భాషల పిల్లలకు పదో తరగతి పరీక్షలో మినహాయింపు ఉంటుందా లేదా అన్నది కోర్టుల్లో తేలవలసి వచ్చింది. 2023లో పరీక్షలు ఏప్రిల్లో జరిగితే, ఆ ఏటి మినహాయింపును సుప్రీంకోర్టు పొడిగించింది ఫిబ్రవరిలో. అంటే రెండు నెలల ముందు దాకా ఆ పిల్లలకు తాము ఏ పరీక్ష రాయాలో తెలియదు. దీని గురించి మనవాళ్లు ఎన్నో ప్రకటనలిచ్చారు. హక్కుల గురించి ఇచ్చారు. ఆ రెండు నెలలు ఆ పిల్లలు ఎలా నిద్రపోయారన్నది ఒక్క ప్రకటనలోనూ నేను చదవలేదు.

ఇది ఎంతమంది సమస్య అని అడగవచ్చు. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. నలభై మంది ఉన్న తరగతిలో ముగ్గురన్నమాట. నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022 ఒక్క ఏడాదిలో ఆత్మహత్యతో పోయిన విద్యార్థులు 13,044 మంది. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు పోయారు. ప్రతి మరణానికీ మార్కులొక్కటే కారణమని చెప్పడం తప్పు. అలాంటి మరణాల వెనుక ఎన్నో కారణాలు పెనవేసుకుని ఉంటాయి. కాని 'చెప్పుకోవడానికి ఎవరూ లేరు' అనేది మనం తీర్చగలిగిన కారణం.

మనవాళ్ల మీద ఒక మాట

రాష్ట్ర ప్రభుత్వాలను అన్నాను గనక మన సంఘాలనూ అనాలి. ఉగాది వస్తే పిల్లలకు పద్యాల పోటీ, తెలుగు భాషా దినోత్సవం వస్తే వక్తృత్వం. 'తెలుగు బతకాలంటే మీరే దిక్కు' అని వేదిక మీద పెద్దలు పిల్లలతో అంటారు. ఏడో తరగతి పిల్లవాడి భుజాన వెయ్యేళ్ల భాషను మోపుతారు. వాడు అప్పటికే రాష్ట్ర భాష, ఇంగ్లీషు, లెక్కలు మోస్తున్నాడు. పద్యంలో తప్పు పోతే పెద్దలంతా ఒకేసారి 'చ్చొ చ్చొ' అంటారు. అప్పుడు తెలుగు కూడా వాడికి ఇంకొక పరీక్షే అవుతుంది. తప్పు చేస్తే సిగ్గుపరిచే నాలుగో భాష అవుతుంది.

మాతృభాష పిల్లవాడికి తప్పులు చేసే హక్కు ఉన్న భాష. అలిగే భాష, గొణిగే భాష, అర్థం లేకుండా ఏడవగలిగే భాష. ఆ హక్కు తీసేసి పద్యం మాత్రమే మిగిల్చితే మనం కాపాడింది ఏమిటి?

ఇంకో మాట. ఇన్ని భాషల మధ్య పెరగడమే రోగమని నేను అనడం లేదు. మూడు భాషలు వచ్చిన పిల్లకు మూడు కిటికీలు ఉంటాయి. మన ఊళ్లలో తరతరాలుగా అలా పెరిగినవాళ్లే ఎక్కువ. దెబ్బ తగిలేది భాష వల్ల కాదు, భాష పేరు మీద జరిగే అవమానం వల్ల. తమిళం తప్పు పలికితే బడిలో నవ్వుతారు, తెలుగు తప్పు పలికితే సభలో నవ్వుతారు. ఇద్దరి మధ్యా పిల్ల మౌనం నేర్చుకుంటుంది.

'మా అవ్వ ఉంటే చాలదా, కౌన్సెలర్ ఎందుకు?' అనే పెద్దమనుషులున్నారు. అవ్వ మాట వెలకట్టలేనిదే. కాని అవ్వ గుర్తుపట్టగలదు, అన్నిటినీ నయం చేయలేదు. నెలల తరబడి నిద్ర పట్టని పిల్లకు, తన్ను తాను గాయపరచుకునే పిల్లవాడికి వైద్యం కావాలి. బిడ్డను మనోవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే 'పిచ్చి' అన్న ముద్ర పడుతుందని, పిల్లకు పెళ్లి కాదని భయపడి దాచే ఇళ్లు మన వాడల్లో ఎన్నో ఉన్నాయి. పరాయి చోట బతికే చిన్న సమాజంలో అందరికీ అందరూ తెలుసు గనక ఈ దాపరికం ఇంకా ఎక్కువ. అందుకే పిల్లవాడు చెప్పిన మాట బడి గోడ దాటదన్న హామీ మనవాళ్లకు మరీ అవసరం.

అడగవలసింది, రాయవలసింది

ఇకనుంచి మన వినతిపత్రాల్లో 'పుస్తకాలు, పంతుళ్లు' తర్వాత మూడో మాట చేరాలి. తెలుగు పిల్లలు చదివే బడికి వచ్చే కౌన్సెలర్‌కు తెలుగు వచ్చి ఉండాలి. అది కుదరని చోట తెలుగు తెలిసిన టీచరొకరికి మొదట వినేవారిగా శిక్షణ ఇప్పించాలి. టీచరు వైద్యుడు కాలేడు, కానక్కరలేదు. ఎప్పుడు వినాలో, ఎప్పుడు పైకి పంపాలో తెలిస్తే చాలు. హోసూరు నుంచి బస్సెక్కితే చేరగల బెంగుళూరులో నిమ్హాన్స్ ఉంది. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల కాగితంతో పాటు 'బిడ్డ నిద్ర పోతోందా, తింటోందా, స్నేహితులున్నారా?' అని ఇంటి భాషలో అడిగే పది నిమిషాలు ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ ఫోను సేవ, 14416, తెలుగులోనూ మాట్లాడుతుంది. పిల్లల సహాయానికి 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ మన ప్రతి బడి గోడ మీద, ప్రతి సంఘ భవనం గోడ మీద తెలుగు అక్షరాల పక్కన కనబడాలి.

రచయితలతో ఇంకొక మాట. మన కథలోకి ఇవాళ్టి పిల్లను రానివ్వండి. ఆదివారం తగ్గే కడుపునొప్పి మీద కథ రాయండి. షోలాపురంలో బీడీలు చుట్టే తల్లి పక్కన కూర్చుని మరాఠీ హోంవర్కు చేసే పిల్లవాడి మీద రాయండి. వాడి 'రంది'ని 'ఒత్తిడి' అని దిద్దకండి. మాండలికాన్ని ముసలివాళ్ల నోట్లోనే ఉంచకండి. పిల్లల నోట్లోని కలగాపులగం తెలుగు కూడా తెలుగే, వాళ్ల బాధ ఆ తెలుగులోనే ఉంది. ఆ కథ ఎవరిదో ఊరివాళ్లు గుర్తుపట్టేలా మాత్రం రాయకండి. పిల్లల దుఃఖం మనకు ముడిసరుకు కాదు.

సంపాదకులకు ఒక విన్నపం. 'బాలల పేజీ'లో పిల్లలు కంఠస్థం చేసినవి కాక, వాళ్లు సొంతంగా చెప్పినవి వేయండి. అక్షరదోషాలు దిద్దే ముందు ఒకసారి ఆగి, అందులో ఏం చెబుతున్నారో వినండి.

మన బడులు మిగలాలని పోరాడుతున్నాం. పోరాడవలసిందే. ఆ బడిలో ఒక పిల్ల చెయ్యెత్తి 'నాకు బెంగగా ఉంది' అని తెలుగులో చెప్పగలగాలి. ఆ మాట అర్థమైన మనిషి ఒకరు అక్కడ ఉండాలి. ఆ రోజున బడికి తెలుగు ఎందుకు కావాలో మనం ఎవరికీ వాదించి చెప్పనక్కరలేదు.